చెంచాకు చెంచా లెక్క: ఖర్జూరంతో క్యారమెల్

(నల్గొండ పట్టణంలో పొదుపు సంఘాల మహిళల ముందు ఒక విశ్రాంత సైన్సు ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగం. మాట తీరు మార్చకుండా రాసుకున్నది.)

అందరికీ నమస్కారం. వెనుక బల్ల మీద రెండు గిన్నెలున్నాయి. మూతలు తీయకండి. ఇప్పుడే తీస్తే వాసనకు మీరంతా అటు తిరుగుతారు, నేనేమో గోడకు పాఠం చెప్పుకోవాలి. (నవ్వులు)

ఇంట్లో చేసుకునే ఆరోగ్యకరమైన క్యారమెల్ గురించి చెప్పమని నన్ను పిలిచారు. క్యారమెల్ అంటే ఏమిటో చెబుతాను, ఖర్జూరంతో ఎలా చేయాలో చెబుతాను. ఆ 'ఆరోగ్యకరమైన' అన్న మాట దగ్గర మాత్రం కాసేపు ఆగి లెక్క వేద్దాం. సైన్సు టీచర్ని కదా, లెక్క చూడకుండా తల ఊపే అలవాటు లేదు.

ఈ కథ మా మనవరాలి వల్ల మొదలైంది. దసరా సెలవులకు హైదరాబాద్ నుంచి వచ్చింది. తొమ్మిదేళ్ల పిల్ల. "అమ్మమ్మా, క్యారమెల్ చెయ్యవా, యాపిల్ ముక్కలు ముంచుకుని తింటా" అంది. పేరు విన్నాను గానీ ఎన్నడూ చేసిన పాపాన పోలేదు. ఫోన్లో చూసుకుంటూ మొదలుపెట్టాం. బగోనెలో చక్కెర పోసి సన్నని మంట మీద పెట్టాను. కరిగింది, తేనె రంగుకు తిరిగింది, ఇల్లంతా కమ్మని వాసన. ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన మీగడ అందులో కుమ్మరించాను. బుస్సుమని పైకి పొంగింది. రెండు చుక్కలు వచ్చి నా మణికట్టు మీద పడ్డాయి. ఇదిగో, మచ్చ ఇంకా పోలేదు. పిల్ల దూరంగా నిలబడింది కాబట్టి సరిపోయింది.

ముప్పై ఏళ్లు తరగతి గదిలో జాగ్రత్తలు చెప్పిన మనిషిని. వంటింటి గడప దాటగానే ఒక్కటీ గుర్తు రాలేదు. (నవ్వులు)

ఆ రెండు చుక్కలు ఎందుకంత కాల్చాయో తెలిస్తే క్యారమెల్ సంగతి సగం తెలిసినట్టే. నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. పాకంలో నీళ్లు ఇగిరేకొద్దీ దాని వేడి ఇంకా పైకి పోతుంది. థర్మామీటర్ లేకుండానే మన అమ్మలు, అత్తలు ఈ మెట్లకు పేర్లు పెట్టుకున్నారు. వేళ్ల మధ్య సాగేది తీగ పాకం, చక్కెరతో చేస్తే 106 నుంచి 112 డిగ్రీలు. పళ్లెంలో నీళ్లు పోసి చుక్క వేస్తే మెత్తని ఉండ కట్టేది 112 నుంచి 116. అదే చుక్క గట్టిపడి, పళ్లానికేసి కొడితే టంగుమనే ముదురు పాకం 150 దగ్గర. పల్లీ పట్టీ కరకరలాడాలంటే అక్కడిదాకా పోవాలి. ఇంకా పైకి, 160, 170 దాకా పోనిస్తే చక్కెర చక్కెరగా ఉండదు. అణువులు విరిగి కొత్త పదార్థాలు పుడతాయి. ఆ రంగు, ఆ వాసన, తీపి వెనుక సన్నగా తగిలే చేదు అన్నీ వాటివే. అదీ క్యారమెల్ అంటే. నా చేతి మీద పడింది మరిగే నీళ్ల కన్నా ఒక 60 డిగ్రీలు ఎక్కువ వేడి, పైగా జిగురు. నీళ్లయితే జారిపోతాయి. ఇది పట్టుకుని కూర్చుని కాలుస్తుంది.

సంక్రాంతికి అరిసెల పాకం ముదిరి అవి రాళ్లయిపోయిన ఇల్లు ఈ హాల్లో ఎవరిదైనా ఉందా?

("మాదే టీచరమ్మా, మొన్ననే" అని వెనుక నుంచి ఒకరు. నవ్వులు)

మంచిది. ఒప్పుకునే ధైర్యం ఉన్నవాళ్లకే పాకం వస్తుంది.

పాలు కలిసిన క్యారమెల్‌లో ఇంకో పని కూడా జరుగుతుంది. పాలలోని ప్రొటీన్లు, చక్కెరలు వేడికి కలిసి గోధుమ రంగు తిరుగుతాయి. 1912లో మైలార్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త దీన్ని వివరించాడు, అందుకే మైలార్ చర్య అంటారు. పేరు కొత్తగా ఉన్నా పని మనకు పాతదే. కోవా కాగుతూ కాగుతూ ఎర్రబడేది, జొన్నరొట్టె మీద మచ్చలు పడేది, పల్లీలు వేగితే వీధి చివరిదాకా వాసన వచ్చేది, అన్నీ అదే.

ఇక ఖర్జూరం. మెత్తని పండు ఒకటి నోట్లో వేసుకుని కళ్లు మూసుకోండి. చాక్లెట్ దుకాణంలో అమ్మే టాఫీ గుర్తొస్తుంది. ఎందుకంటే మనం పొయ్యి మీద చేసే పనిలో కొంత చెట్టు మీద, ఎండలో, నెమ్మదిగా ముందే అయిపోయింది. కాయ ముదిరి పసుపుగానో ఎర్రగానో, కరకరలాడుతూ ఉన్నప్పుడు అరబ్బులు దాన్ని ఖలాల్ అంటారు. మెత్తబడి రసం పట్టింది రుతబ్. ముడతలు పడి ఎండింది తమ్ర్. ఈ ప్రయాణంలో మెత్తని రకాల్లో సుక్రోజ్, అంటే మనం డబ్బాలో పోసుకునే చక్కెర, విడిపోయి గ్లూకోజ్, ఫ్రక్టోజ్ అనే రెండు చిన్న చక్కెరలు అవుతుంది. పండు తనంతట తాను నల్లబడుతుంది. ఆ ఫ్రక్టోజ్‌కు ఓపిక తక్కువ. చక్కెర 160 దాకా ఆగితే, అది 110 దగ్గరే రంగు తిరగడం మొదలుపెడుతుంది. కాబట్టి మనం పాకం మెట్లన్నీ ఎక్కనక్కర్లేదు, చేతులు కాల్చుకోనక్కర్లేదు.

అయితే నిజం చెప్పాలి. శాస్త్రం ప్రకారం ఖర్జూరం ముద్ద క్యారమెల్ కాదు. రుచిలో చుట్టం, అంతే.

చుట్టం అంటే గుర్తొచ్చింది. ఖర్జూరానికి అసలైన చుట్టం మన చెరువు కట్టల మీదే ఉంది. ఈత చెట్టు. ఖర్జూరం ఫీనిక్స్ డాక్టిలిఫెరా, ఈత ఫీనిక్స్ సిల్వెస్ట్రిస్. ఒకే ఇంటి పేరు. చిన్నప్పుడు ఎండాకాలంలో ఈత గెలలు తెచ్చి గడ్డిలో దాచి మాగబెట్టేవాళ్లం. పండులో గింజ పోగా మిగిలేది గోరంత గుజ్జు, అయినా ఆ గోరంత కోసం అన్నదమ్ములు కొట్టుకునేవాళ్లు. ఇదే చెట్టు రసాన్ని బెంగాల్లో చలికాలం తెల్లవారుజామున, పులియకముందే దించి కాచి బెల్లం చేస్తారు. నొలెన్ గుడ్ అంటారు, రుచి అచ్చం క్యారమెలే. మన దగ్గర ఆ రసం పులిసి ఎటు పోతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. (నవ్వులు) మా గౌడన్నలను తప్పు పట్టడం లేదు, ఈత కల్లుకు ఉండే గౌరవం దానిదే. చెట్టు ఒకటే, అక్కడ బెల్లమైంది, ఇక్కడ కల్లైంది అంటున్నాను.

సరే, దారి తప్పాను. చేసే పద్ధతికి వద్దాం.

ముందు పండు. రంజాన్ నెలలో ప్రకాశం బజార్ పోతే బండ్ల మీద రకరకాలు కనిపిస్తాయి. మనకు కావలసింది మెత్తనిది. కిమియా అని చిన్న అట్టపెట్టెల్లో వచ్చే నల్లని ఇరాన్ పండు దీనికి బాగా పనికొస్తుంది. అందులో తడి ఎక్కువ, అందుకే ఫ్రిజ్‌లో పెట్టి అమ్ముతారు. బయట ఎండలో పేర్చి పెట్టింది కొనకండి, లోపల పులిసి ఉంటుంది. మెడ్జూల్ పెద్ద పండు, రుచి గొప్పదే, ధర కూడా గొప్పదే. ముద్ద చేసే పనికి అంత డబ్బు పోయడం నాకైతే ఇష్టం లేదు. గట్టి ఎండు ఖర్జూరం, పెళ్లిళ్లలో పసుపు కుంకుమతో పెడతామే, అది వద్దే వద్దు. నేను మొదటిసారి దాంతోనే చేశాను. నీళ్లలో నానేసినా మిక్సీలో గులకరాళ్లలా మోగింది. ఒక గింజ తీయడం మరిచిపోయినట్టున్నాను, బ్లేడు వంగింది. మా ఆయన వారం రోజులు చట్నీ రోట్లో నూరించాడు. చట్నీ బాగుందని ఒప్పుకోలేదు గానీ బాగుంది.

గింజలు తీశాక 200 గ్రాములు తూచుకోండి. ఒక్కో పండునూ చేత్తో రెండుగా చీల్చి లోపల చూడండి. ఇది బద్ధకించే పని కాదు, ఒక్కోసారి లోపల పురుగు ఉంటుంది, నల్లని పొడిలాంటి బూజు ఉంటుంది. కిమియా అయితే నానబెట్టనక్కర్లేదు. కొంచెం గట్టి పండయితే మునిగేంత వేడి నీళ్లు పోసి 20 నిమిషాలు ఉంచండి. అందులో తినే సోడా చిటికెడులో సగం వేస్తే తోలు తొందరగా మెత్తబడుతుంది, రంగూ బాగా తిరుగుతుంది. ఎక్కువ వేస్తే సబ్బు రుచి వస్తుంది, తర్వాత నన్ను తిట్టొద్దు. సోడా వేస్తే ఆ నీళ్లు పారబోయండి. వేయకపోతే దాచుకోండి, మిక్సీలో పనికొస్తాయి.

చిన్న జార్‌లో పండు వేసి, కాచి చల్లార్చిన చిక్కని పాలు 100 మిల్లీలీటర్లు కొంచెం కొంచెంగా పోస్తూ ఆపి ఆపి తిప్పండి. ఒక్కసారే తిప్పితే ముద్ద గోడలకు అతుక్కుని బ్లేడు ఖాళీగా తిరుగుతుంది, మోటారు వేడెక్కుతుంది. మధ్య మధ్య గరిటెతో కిందికి తోయండి. తోలు ముక్కలు తగులుతున్నాయని కొందరు జల్లెడ పడతారు. నున్నగా ఉంటుంది, నిజమే. కానీ జల్లెడలో మిగిలిపోయేది పీచు. ఏ పీచు కోసం ఈ తిప్పలన్నీ పడుతున్నామో దాన్నే పారేస్తే ఇక చేసినట్టేముంది? ఇంకో రెండు నిమిషాలు తిప్పండి, అదే నలుగుతుంది.

ఇప్పుడు చాలామంది చేయని పని. మిక్సీలోంచి తీసి నేరుగా డబ్బాలో పెట్టేస్తారు. అది ఖర్జూరం చట్నీ అవుతుంది గానీ క్యారమెల్ రుచి రాదు. అడుగు మందంగా ఉన్న గిన్నెలో ఒక పెద్ద చెంచా నెయ్యి వేసి, ఈ ముద్ద వేసి, సన్నని మంట మీద ఆరేడు నిమిషాలు కలపండి. చేయి ఆపకండి. అడుగు తాకిన చోట ముద్ద ఎర్రబడుతూ ఉంటుంది, దాన్ని గీరి కలుపుతూ పోవాలి. పాలలోని ప్రొటీన్లు, పండులోని చక్కెరలు కలిసి ఇందాక చెప్పిన మైలార్ చర్య అక్కడ మొదలవుతుంది. వాసన మారినప్పుడు మీ ముక్కే చెబుతుంది. దించేముందు ఉప్పు. పావు చెంచా కన్నా కొంచెం తక్కువ. ఉప్పు లేకపోతే తీపి ఒకటే నోట్లో గుమ్మరించినట్టు ఉంటుంది. చల్లారాక నకిరేకల్ నిమ్మకాయ నాలుగు చుక్కలు పిండితే ఇంకా బాగుంటుంది, ఇది ఏ వంట పుస్తకంలోదీ కాదు, నా సొంత పైత్యం.

పాలమూరు వైపు నుంచి వచ్చిన వాళ్లున్నారు కదా, వనపర్తి, నాగర్‌కర్నూల్ అక్కలు? మీ పల్లీలు వేయించి పొట్టు తీసి మెత్తగా రుబ్బి, ఆ వెన్నలాంటి ముద్ద రెండు చెంచాలు ఇందులో కలపండి. పాలు, నెయ్యి అక్కర్లేదు. పాలు, నెయ్యి వేసిన దానికన్నా నాకు ఇదే నచ్చింది.

ఇక లెక్క. పెన్నులు తీయండి.

నేను చేయి కాల్చుకున్న పద్ధతిలో 200 గ్రాముల చక్కెర, 90 గ్రాముల వెన్న, 120 మిల్లీలీటర్ల మీగడ. అంతా కలిపి సుమారు 390 గ్రాములు వచ్చింది. 20 గ్రాముల పెద్ద చెంచా ఒకటి తీసుకుంటే అందులో చక్కెర 10 గ్రాములు. గుర్తు పెట్టుకోండి, 10.

ఖర్జూరం పద్ధతిలో 200 గ్రాముల పండు. మెడ్జూల్ లెక్కతో చూస్తే 100 గ్రాములకు 66 గ్రాములు చక్కెరలే. పాలలోనూ కొంచెం ఉంటుంది. ఇగిరాక ముద్ద 280 గ్రాములు. అదే 20 గ్రాముల చెంచాకు చక్కెర ఎంత? భాగించండి.

(కాసేపు నిశ్శబ్దం. "తొమ్మిదిన్నర దాటుతుంది" అని ఒకరు)

అదీ సంగతి. ఇటు పది, అటు తొమ్మిదిన్నర పైన. ఈ లెక్క మొదటిసారి వేసినప్పుడు నేనే తప్పు చేశానేమో అని మళ్లీ వేశాను. చక్కెర లేని క్యారమెల్ అని ఫోన్లో చూపిస్తారే, చెంచాకు చెంచా పెడితే చక్కెర దాదాపు అంతే ఉంది. డబ్బాలోంచి పోయలేదు, పండులోంచి వచ్చింది, తేడా అంతే.

మరి ఏం మారింది? కొవ్వు మారింది. వెన్న క్యారమెల్‌లో చెంచాకు ఐదున్నర గ్రాముల దాకా కొవ్వు, దీనిలో ఒకటిన్నర లోపే. కేలరీలు అక్కడ 90 దగ్గర, ఇక్కడ 50 పైన కొంచెం. పీచు అక్కడ సున్నా, ఇక్కడ చెంచాకు దాదాపు ఒక గ్రాము. పొటాషియం కూడా వస్తుంది. నేను దీన్ని మంచిదంటున్నది ఈ లాభాలు చూసే. చక్కెర తగ్గిందని మాత్రం అనను.

ఇంకో చిక్కు ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది, విడి చక్కెరలు, అంటే మనం విడిగా కలిపేవి, తేనెలో, పండ్ల రసాల్లో ఉండేవి, రోజు తినే శక్తిలో పదో వంతు లోపు ఉండాలని, ఐదు శాతం లోపు ఉంటే ఇంకా మంచిదని. ఐదు శాతమంటే పెద్దవాళ్లకు 25 గ్రాములు. పండును పండుగా నమిలి తింటే అందులోని చక్కెర ఈ లెక్కలోకి రాదు. కానీ బ్రిటన్ వాళ్ల నిర్వచనం చూడండి: పండును మిక్సీ పట్టి ముద్ద చేస్తే ఆ చక్కెర విడి చక్కెర కిందికే వస్తుంది. అదే ఖర్జూరం. నమిలితే ఒక లెక్క, మిక్సీ పడితే ఇంకో లెక్క. మొదట ఇది నాకు అధికారుల పిచ్చిలా అనిపించింది. తర్వాత ఆలోచించాను. మూడు ఖర్జూరాలు నమిలితే దవడ నొచ్చి ఆగుతాను. అదే ముద్ద అయితే ఆరు పండ్లది గిన్నె నాకేసి ఇంకా ఉందా అని అడుగుతాను. మిక్సీ మన బదులు నమిలి పెడుతోంది మరి.

ప్రశ్నలు అడగండి.

("మా అత్తమ్మకు షుగర్ ఉంది. ఖజ్జూర్ తింటే ఏం కాదు అంటున్నారు అందరూ. ఇది పెట్టొచ్చా?")

అమ్మా, అందరూ అనే ఆ మాట వెనుక కొంత నిజం ఉంది. తిన్నది రక్తంలో చక్కెరను ఎంత వేగంగా పెంచుతుందో చెప్పే అంకెను గ్లైసీమిక్ ఇండెక్స్ అంటారు. చాలా రకాల ఖర్జూరాలకు అది 55 లోపే వస్తుంది, చక్కెరకు 65 దగ్గర. అయితే ఆ పరీక్షలు చేసింది నమిలి తిన్న పండుతో, పైగా కొలిచి పెట్టిన కొద్ది పరిమాణంతో. మీ అత్తమ్మ ఒక్క పండు భోజనంలో భాగంగా తినడం వేరు, ఈ ముద్ద రొట్టెకు రాసుకుని తినడం వేరు. ఇంట్లో గ్లూకోమీటర్ ఉంటే తిన్న రెండు గంటలకు చూడండి, ఆ అంకె తీసుకుని ఆమె డాక్టరును అడగండి. నా మాట మీద మాత్రం పెట్టకండి.

("రక్తం తక్కువ ఉందని మా బిడ్డకు రోజూ ఇవే పెడుతున్నా టీచరమ్మా.")

పెట్టు తల్లీ, తప్పు లేదు. కానీ దాని మీదే భారం వేయకు. మెడ్జూల్ పండు 100 గ్రాముల్లో ఇనుము ఒక మిల్లీగ్రాముకు కొంచెం తక్కువే. మన జాతీయ పోషకాహార సంస్థ 2020లో పెట్టిన లెక్క ప్రకారం పెద్ద ఆడవాళ్లకు రోజుకు 29 మిల్లీగ్రాములు కావాలి. ఖర్జూరం నల్లగా ఉంటుంది కాబట్టి ఇనుము ఉంటుందని మనకు నమ్మకం. (నవ్వులు) తోటకూర, పప్పులు, తినే ఇల్లయితే మాంసం, పక్కన నిమ్మకాయ, దవాఖానలో ఇచ్చే ఐరన్ గోలీలు, ఇవన్నీ ఉండాలి. అన్నం తినగానే తాగే చాయ్ ఇనుమును ఒంటికి సరిగా పట్టనివ్వదు, అది మానితే సగం పని అవుతుంది.

("దీంతో పల్లీ పట్టీలు పోయొచ్చా?")

పోశాను, రాలేదు. పట్టీ కరకరలాడేది చక్కెర 150 డిగ్రీల దగ్గర నీళ్లన్నీ పోయి గాజులా గడ్డకడితేనే. ఖర్జూరంలో పీచు ఉంది, గాలిలో తడి లాక్కునే ఫ్రక్టోజ్ ఉంది. ఎంతసేపు కాచినా మాడుతుంది గానీ విరగదు. లడ్డూలు చేసుకోండి. వేయించిన పల్లీలు, నువ్వులు బరకగా కొట్టి ఈ ముద్దతో ఉండలు చుడితే పాకం గొడవే ఉండదు. సద్దుల బతుకమ్మకు చేసే మలీదలో బెల్లం సగం తగ్గించి ఇది కలిపి చూశాను, మా ఇంట్లో ఎవరూ కనిపెట్టలేదు. పిల్లలకు పెట్టినప్పుడు ఒక్క మాట, ఇది పళ్ల సందుల్లో అతుక్కుంటుంది. ఫ్లోరైడ్‌తో గార పట్టిన పళ్లు తరతరాలుగా చూసిన జిల్లా మనది. నీళ్లతో పుక్కిలించమనండి.

("ఎన్ని రోజులు ఉంటుంది? మా సంఘం తరఫున చేసి అమ్ముదామని...")

పాలు వేసింది ఫ్రిజ్‌లో వారం. తడి చెంచా పెట్టారంటే అంతకూడా ఉండదు. పాలు లేకుండా పల్లీ ముద్దతో చేసింది ఇంకొన్నాళ్లు ఎక్కువ ఆగుతుంది, అయినా ఫ్రిజ్‌లోనే. సంక్రాంతికి బస్సులో ఊరికి పంపే సరుకు కాదు ఇది. గడ్డకట్టించి పెట్టుకోవచ్చు.

అమ్మేటప్పుడు సీసా మీద ఏం రాస్తారో చూసుకోండి. 'చక్కెర కలపలేదు' అని రాయాలనిపిస్తుంది, ఎందుకంటే మీరు నిజంగానే కలపలేదు. కానీ ఆహార ప్రమాణాలకు అంతర్జాతీయంగా చూసే కోడెక్స్ మార్గదర్శకాల్లో, చక్కెర బదులు ఎండు పండ్ల ముద్ద వేసినదానికి ఆ మాట వాడకూడదని ఉంది. 'ఖర్జూరంతో చేసినది' అని రాయండి. అది నిజం, కొనేవాళ్లకు అదే నచ్చుతుంది కూడా. లైసెన్స్ సంగతి, సీసా మీద మిగతా ఏం ఉండాలి అన్నది ఆహార భద్రత అధికారినే అడిగి తెలుసుకోండి, వాళ్ల పని నేను చేయను.

ఇక మూతలు తీయండి. ఒకదాంట్లో నెయ్యి, పాలు. రెండోదాంట్లో వనపర్తి పల్లీలు. ఒకదాంట్లో ఉప్పు వేయడం నిజంగానే మరిచిపోయాను, ఏదో మీరే చెప్పాలి. చెంచాలు చిన్నవే తెచ్చాను. మొదటి వరుస వాళ్లు రండి, అరిసెలు రాళ్లు చేసిన అక్కను ముందు రానివ్వండి.